ఒక టర్బైన్‌ని 200తో గుణిస్తే మెగావాట్ రాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో కాలువ కరెంటు మీద ఒక వార్త వచ్చింది. ఎవరో కంపెనీ వాళ్లు కాలువలోకి ఒక టర్బైన్ దించి చూపించారు, అది 5 కిలోవాట్లు ఇచ్చింది, కాబట్టి అర కిలోమీటరు పొడవునా అలాంటివి 200 దించితే మెగావాట్ వస్తుంది, ఖర్చు లేదు, పొగ లేదు, నీళ్లు ఎలా వచ్చాయో అలాగే కిందికి వెళ్లిపోతాయి అని రాశారు. ఫొటో చాలా బాగుంది. లెక్కే బాలేదు. ఒక గేదె పూటకి 5 లీటర్లు ఇస్తుంటే 200 గేదెలు 1,000 లీటర్లు ఇస్తాయి, కాదనను, కానీ ఆ 200 గేదెల్నీ ఒకే గడ్డివాముకి కట్టేసి అదే లెక్క చెప్తే మా ఊళ్లో చిన్నపిల్లాడు కూడా నవ్వుతాడు. కాలువలో పారే నీళ్లు ఆ గడ్డివాము లాంటివే.

నేనేదో ఈ టర్బైన్లకు వ్యతిరేకిని అనుకోకండి. పాతికేళ్లకు పైగా పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పాను, ఈ నిలువు ఇరుసు టర్బైన్ల పిచ్చి నాకు ఎప్పట్నుంచో ఉంది, దాని వల్ల ఒకసారి కాలువ లస్కరు (గట్టు వెంట తిరుగుతూ నీళ్లు చూసుకునే మనిషి) చేత తిట్లు కూడా తిన్నాను, ఆ కథ కింద చెప్తాను. అవి పనికొస్తాయనే నా నమ్మకం. కాకపోతే గుంపుగా పెట్టేటప్పుడు ఏది ఎక్కడ, ఎంత దూరంలో, ఎటు తిరిగేలా పెట్టాలో చూసుకోవాలి, దాని వల్ల కాలువకి ఏమవుతుందో కూడా చూసుకోవాలి. మీ వార్తలో ఈ రెండూ లేవు.

ముందు అసలు వస్తువేంటో. మజ్జిగ చిలికే కవ్వం ఉంది కదా, నిలువు ఇరుసు టర్బైన్ అంటే అదే అనుకోండి. కొండల మీద కనపడే గాలిమరకి ఇరుసు అడ్డంగా ఉంటుంది, దీనికి నిటారుగా ఉంటుంది, నీళ్లు పక్క నుంచి వచ్చి రెక్కల్ని తోస్తాయి. జనరేటర్ నీళ్ల పైన పొడిగా కూర్చుంటుంది, రిపేరు వస్తే మునగక్కర్లేదు, నీళ్లు ఎటు నుంచి వచ్చినా తిరుగుతుంది. ఇందులో ముఖ్యంగా రెండు జాతులు. సావోనియస్ అనే ఫిన్‌లాండ్ ఆయన 1920ల్లో చేసిన రకం చూడ్డానికి డ్రమ్ముని నిలువునా రెండుగా కోసి, రెండు ముక్కల్నీ కాస్త పక్కకి జరిపి అతికించినట్టు ఉంటుంది. తనంతట తనే మొదలవుతుంది, కానీ నీళ్లలో ఉన్న శక్తిలో ఐదో వంతు లాగితే గొప్ప. డారియస్ అనే ఫ్రెంచి ఇంజినీరు అదే రోజుల్లో చేసిన రకానికి విమానం రెక్కలాంటి సన్నటి రెక్కలుంటాయి, అది మూడో వంతు దాకా లాగుతుంది గానీ మొండిది, చాలాసార్లు ఎవరో ఒకరు తోసి స్టార్ట్ చేయాలి, తిరిగేటప్పుడు కూడా ప్రతి చుట్టులో ఊపు పెరుగుతూ తగ్గుతూ కుదుపు వస్తుంది. 1990ల్లో అమెరికాలో గోర్లోవ్ అనే ప్రొఫెసర్ ఆ రెక్కల్ని జడలాగా మెలిపెట్టి ఆ కుదుపు తగ్గించాడు. మీ ఫొటోలో ఉన్నది మెలిక రెక్కల రకమే.

ఇక వేగం. నీళ్ల వేగం రెట్టింపయితే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకి 2 మీటర్ల వేగంతో పారే నీళ్లకు ఎదురుగా ఒక చదరపు మీటరు అడ్డం పెడితే దాని మీదుగా పోయే శక్తి 4,000 వాట్లు. 1 మీటరు వేగమయితే 500. మట్టి కాలువల్లో గట్లు కోసుకుపోకుండా వేగం తక్కువే ఉంచుతారు, 70 సెంటీమీటర్లు అనుకుందాం, అప్పుడు 170 వాట్లు, అందులో మన చేతికొచ్చేది మూడో వంతు కూడా ఉండదు, అంటే నాలుగైదు బల్బులు. కృష్ణా, గోదావరి డెల్టా కాలువలు ఒకప్పుడు పడవలు కూడా నడిచినవి, గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని పడవని ఎదురు లాక్కుంటూ పోయినవి, అలాంటి చోట నీళ్లు నెమ్మదిగానే ఉంటాయి మరి. అక్కడ కూడా టర్బైన్లు పెట్టేస్తామని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఈ ఎనిమిది రెట్ల సంగతి కిందికి కూడా అంతే ఘోరంగా పనిచేస్తుంది. వేగం 30 శాతం తగ్గితే కరెంటు 30 శాతం తగ్గి ఊరుకోదు, మూడో వంతుకి పడిపోతుంది. గుంపులో వెనక నిలబడ్డ టర్బైన్‌కి జరిగేది అదే.

ఇప్పుడు లస్కరు కథ. చాలా ఏళ్ల కిందట మా ఫైనలియర్ కుర్రాళ్లు ముగ్గురు ప్రాజెక్టు వర్కు కింద సావోనియస్ రోటర్లు మూడు చేశారు. 8 అంగుళాల పీవీసీ పైపుని నిలువునా కోశారు, పైనా కిందా గుండ్రటి ప్లైవుడ్ బిళ్లలు, మధ్యలో జీఐ పైపు, సైకిల్ హబ్బులోంచి తీసిన బేరింగులు. మొత్తం ఖర్చు మా వెల్డింగ్ షాపాయన టీ డబ్బులతో కలిపినా పెద్దగా కాలేదు. సాగర్ కుడి కాలువ నుంచి వచ్చే ఒక మేజర్ (పెద్ద పిల్లకాలువ) మీద చిన్న నడక వంతెన ఉంది, దాని కింద యాంగిల్ ఫ్రేము కట్టి దించాం. మొదటి రోజు మూడింటినీ ఒకదాని వెనక ఒకటి, మూరెడు దూరంలో పెట్టాం. ఒక్కోదాని తల మీద ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఒకడు చుట్లు లెక్కపెడుతుంటే ఇంకొకడు టైము చూశాడు. మొదటిది గిరగిరా తిరిగింది. రెండోది దానిలో సగం. మూడోది తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు అటు కాస్త ఇటు కాస్త ఊగుతూ ఉండిపోయింది. కుర్రాళ్లు బేరింగు పట్టేసిందనుకుని దాన్ని తీసి ముందుకి, ముందుదాన్ని వెనక్కి మార్చారు. ఇందాక మొరాయించింది ఇప్పుడు గిరగిరా, ఇందాక పరిగెత్తింది ఇప్పుడు మొరాయింపు. తప్పు బేరింగుది కాదు, చోటుది.

రెండో రోజు రెండింటిని పక్కపక్కన పెట్టాం. రెండూ ఒకే వైపు తిరుగుతుంటే మరీ తేడా ఏం కనపడలేదు. తర్వాత ఒకదాన్ని తీసి తలకిందులుగా బిగించాం. సావోనియస్‌ని తలకిందులు చేస్తే ఎదురు దిక్కుకి తిరుగుతుంది, వేరే పనేమీ అక్కర్లేదు, ఆ సంగతి తెలిసినప్పుడు కుర్రాళ్ల మొహాలు చూడాలి. చెరుకు రసం బండి మీద రోలర్లు రెండూ చెరో వైపు తిరుగుతూ గడని లోపలికి లాక్కుంటాయే, అలా. రెండిటి మధ్య సందులో నీళ్లు జోరందుకోవడం కంటికే కనపడింది, ఒంటరిగా ఉన్నప్పటికన్నా రెండూ ఎక్కువ చుట్లు తిరిగాయి. ఉత్త చుట్లు లెక్కపెట్టడం ప్రయోగం కాదని నాకూ తెలుసు, ఇరుసుకి తాడు చుట్టి బరువు కట్టి లోడు మీద చూడాల్సింది, ఆ రోజు తోచలేదు.

మూడో రోజు అత్యాశకి పోయాం. రెండు చెక్క పలకలు ఏటవాలుగా నిలబెట్టి నీళ్లన్నీ రోటర్ల మీదికే వచ్చేలా చేశాం. ఇక చూడండి, ఎర్ర గుడ్డలు కనపడనంత స్పీడు. మేం చప్పట్లు కొడుతుండగా లస్కరు సైకిలు దిగి, రోటర్ల వైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా వంతెనకి ఎగువన గట్టు దగ్గరికి వెళ్లి తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి వచ్చాడు. "ఏం మాస్టారూ, చదువుకున్నోళ్లు, కాలవకి అడ్డం కడతారా? రెండు వేళ్ల మందం లేచింది పైన. ఆ తూమాయన ఇప్పుడు హాయిగా ఎక్కువ తాగుతుంటాడు, కిందాయన వచ్చి నా పీక పట్టుకుంటాడు" అన్నాడు. మేం రోటర్ని చూస్తున్నాం, ఆయన మట్టాన్ని చూశాడు. ఇంజినీరింగు ఆయనకే ఎక్కువ తెలుసని అప్పుడు ఒప్పుకోడానికి నాకు మనసు రాలేదు గానీ పలకలు మాత్రం తీసేశాం.

ఆ మూడు రోజుల్లో మేం గుడ్డ పీలికలతో చూసినవాటినే పెద్దవాళ్లు సరైన పరికరాలతో కొలిచారు. ఒకదాని వెనక ఒకటి సంగతి ఐఐటీ బాంబేలో సావోనియస్ రకం నీటి టర్బైన్ల మీదే చేశారు. వెనకది ముందుదాని దెబ్బ తగలకుండా తన పని తాను చేసుకోవాలంటే రోటర్ వెడల్పుకి ఎనిమిది రెట్ల దూరం కావాలని తేల్చారు. ముందు రోటర్ నీళ్లలోంచి బలం లాగేసుకుంటుంది కదా, దాని వెనక సుడులు తిరుగుతూ అలసిపోయిన నీళ్లుంటాయి, పక్కల నుంచి జోరు నీళ్లు వచ్చి కలిసి మళ్లీ పుంజుకోవడానికి ఆ దూరం పడుతుంది. మీ వార్తలోని 200 టర్బైన్లని అర కిలోమీటరులో ఒకే వరసగా పెడితే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండున్నర మీటర్లు ఉంటుంది. మీటరు వెడల్పు రోటరుకి 8 మీటర్లు కావాలి. నాలుగేసి పక్కపక్కన పెట్టి 50 వరసలు చేస్తే వరసకీ వరసకీ 10 మీటర్లు వస్తుంది, అది కొంచెం న్యాయమైన లెక్క. ఆ ముక్కయినా రాయాల్సింది.

పలకల సంగతీ ఆ ఐఐటీ బాంబే వాళ్లే చూశారు. సావోనియస్‌లో ఒక డొప్ప నీళ్లతో పోతుంటే రెండోది నీళ్లకి ఎదురొస్తుంటుంది, సంపాదించినదాంట్లో కొంత అదే తినేస్తుంది. దాని ముందు సరైన కోణంలో ఒక పలక అడ్డం పెడితే రాబడి 50 శాతం పెరిగిందని 2011లో అచ్చేశారు. గుంపులో అయితే పలక కూడా అక్కర్లేకుండా పక్క టర్బైనే ఆ పని కొంత చేసేలా అమర్చుకోవచ్చు.

ఎదురెదురు తిరిగే జంటల సంగతి అందరికీ తెలిసింది గాలి టర్బైన్ల వల్ల. కాలిఫోర్నియాలో జాన్ డబిరి అనే ప్రొఫెసర్, గుంపుగా ఈదే చేపలు ఒకదాని సుడి ఇంకోటి ఎలా వాడుకుంటాయో చూసి, 10 మీటర్ల ఎత్తున్న నిలువు ఇరుసు గాలిమరలు ఆరింటిని దగ్గర దగ్గరగా, చెరో వైపు తిరిగేలా నిలబెట్టి 2010 వేసవిలో కొలిచాడు. మామూలు గాలిమరల పొలాల్లో చదరపు మీటరు నేలకి 2–3 వాట్లు వస్తుంటే ఇలా పెడితే పది రెట్ల దాకా రావొచ్చని చెప్పాడు. ఇక్కడొక మెలిక ఉంది, దీన్ని చాలామంది తప్పుగా రాస్తారు. పది రెట్లు అన్నది ఎకరాకి వచ్చే దిగుబడి లాంటి లెక్క, ఒక్కో టర్బైన్ పది రెట్లు ఇస్తుందని కాదు. దగ్గరగా పెట్టినా ఒకదాన్నొకటి చంపుకోవు, కాబట్టి అదే నేలలో ఎక్కువ పట్టించవచ్చు, అంతే. నీళ్లలో కూడా జంటగా పెడితే ఒక్కోదానికి కొంత లాభం ఉంటుంది, కానీ సందు ఎంత ఉండాలి, లోపలి రెక్కలు నీళ్లతో పాటు పోవాలా ఎదురు రావాలా అన్నది రోటర్ రకాన్ని బట్టి మారుతుంది, కొలిచి చూసుకోవాల్సిందే.

ఇంకొక దారి వేగాన్ని చేతిలో పెట్టుకోవడం. సియాటెల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2017లో ఒకే టర్బైన్ మీద, ఒక చుట్టు లోపలే రెక్క ఎక్కడుందో చూసి జనరేటర్ ద్వారా కాస్త తొందరపెట్టడం కాస్త బిగపట్టడం చేస్తే రాబడి 59 శాతం దాకా పెరిగిందని చూపించారు. తర్వాత వాళ్లే రెండు టర్బైన్లు పక్కపక్కన పెట్టి, దూరమూ వేగమూ కలిపి సర్దుతూ పోయారు. ఇదంతా ల్యాబులో, పంపు తోసే శుభ్రమైన నీళ్లలో. మన కాలువలో చీర పీలిక ఒకటి రెక్కకి చుట్టుకుంటే ఆ లెక్కలన్నీ గట్టెక్కి కూర్చుంటాయి. అయినా జంటలో ఒకటి ఊపు మీద ఉన్నప్పుడు రెండోది నెమ్మదించేలా సర్దుకుంటే కరెంటు కుదుపు లేకుండా వస్తుంది, బేరింగులు ఎక్కువ కాలం బతుకుతాయి, ఆ మాత్రం మన దగ్గరా చేయొచ్చు.

సరే, ఇవన్నీ పద్ధతిగా చేశారనుకుందాం. అప్పుడు మెగావాట్ వస్తుందా? రాదు. లస్కరు చూసింది ఇదే.

కాలువలో నీళ్లు ఎందుకు పారుతున్నాయి? వాలు ఉంది కాబట్టి. పెద్ద కాలువల్లో ఆ వాలు కిలోమీటరుకి 10, 20 సెంటీమీటర్ల లెక్కలో ఉంటుంది. ఆ వాలు ఇచ్చే బలమంతా అడుగునా పక్కలా లైనింగుకి రాసుకుంటూ పోవడానికే సరిపోతుంది, మిగులు ఏమీ ఉండదు, ఎవరూ పట్టించుకోక వృథాగా పోతున్న శక్తి అంటూ అక్కడ మూట కట్టి లేదు. ఇప్పుడు 3,500 క్యూసెక్కులు పారే కాలువ తీసుకోండి, అంటే సెకనుకి దాదాపు 100 ఘనపు మీటర్లు. ఆ నీళ్లు 1 సెంటీమీటరు కిందికి దిగితే వచ్చే శక్తి సుమారు 10 కిలోవాట్లు. ఇది స్కూల్లో చెప్పే ఎమ్‌జీహెచ్ (ద్రవ్యరాశి, గురుత్వం, ఎత్తు గుణించే) లెక్కే, పెద్ద విద్యేం కాదు. మెగావాట్ కావాలంటే 100 సెంటీమీటర్లు దిగాలి, అదీ ఒక్క వాట్ కూడా దారిలో పోకుండా ఉంటే. అర కిలోమీటరులో కాలువకున్న మొత్తం వాలు 5 నుంచి 10 సెంటీమీటర్లు. మిగతా 90 ఎక్కడి నుంచి వస్తాయండీ? ఎగువన నీళ్లు ఎత్తుగా పేరుకుని రావాలి. అంటే గట్టు మీదికి రావాలి.

టర్బైన్ల వాళ్లు ఇక్కడే ఒక మాట అంటారు, గోడల మధ్య పెడితే మా టర్బైన్ 59 శాతం హద్దు కూడా దాటుతుంది అని. నిజమే. పారే దాంట్లోంచి 59.3 శాతానికి మించి లాగలేమని బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే చెప్పింది నలువైపులా తెరిపిగా ఉన్న ప్రవాహం గురించి. కాలువలో నీళ్లకి పక్కకి తప్పుకునే చోటు లేదు, ఎంత అడ్డు పెడితే అంత బలంగా టర్బైన్‌లోంచే దూసుకుపోవాలి, అందుకే ఆ హద్దు దాటుతుంది. దాటిన లాభమంతా ఎగువ మట్టం పెరగడం లోంచి వస్తోందని మాత్రం చెప్పరు. మా చెక్క పలకలు చేసిందీ అదే, రెండు వేళ్ల మందం.

అందుకని ఒక్కో టర్బైన్ ఎన్ని కిలోవాట్లు ఇచ్చిందని అడగడం మానేయాలి అంటాను. ఎగువన ఒక సెంటీమీటరు మట్టం లేపి ఎన్ని కిలోవాట్లు తీశారు అని అడగాలి. 3,500 క్యూసెక్కుల కాలువలో సెంటీమీటరుకి 10కి గాను 5 తీస్తే ఆ గుంపు బాగా పనిచేస్తున్నట్టు, 2 తీస్తే మిగతా 8 సుడుల్లో కలిసిపోతున్నట్టు. ఇలా చూస్తే అమరిక ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఏ లోపమూ లేని టర్బైన్ కూడా తెరిపి ప్రవాహంలో గరిష్ఠంగా కరెంటు లాగుతున్నప్పుడు, నీళ్లు పోగొట్టుకున్న మొత్తం శక్తిలో మూడో వంతు దానికి అందకుండా వెనకాల, అలసిన నీళ్లూ పక్క నీళ్లూ కలిసేచోట సుడుల్లోనే పోతుంది. ఇది లెక్కల్లోనే తేలే సంగతి, రెక్కల రాపిడీ జనరేటర్ నష్టాలూ దీనికి అదనం. కానీ అదే టర్బైన్‌ని గరిష్ఠం దాకా పిండకుండా కాస్త తేలిగ్గా తిరగనిస్తే మొత్తం కరెంటు కొంచెం తగ్గుతుంది గానీ సుడుల్లో పోయే వాటా ఇంకా ఎక్కువ తగ్గుతుంది. నాలుగు టర్బైన్లని గట్టిగా పిండే కన్నా ఆరింటిని తేలిగ్గా తిప్పడం కాలువకి మంచిది, అదే మట్టానికి ఎక్కువ యూనిట్లు వస్తాయి. సామాను ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఏది గిట్టుబాటో చూసుకోవాలి, ఆ లెక్క ఒక్క టర్బైన్ డెమోలో ఎప్పటికీ తేలదు.

అమెరికాలో యాకిమా దగ్గర రోజా అనే సాగునీటి కాలువలో నిలువు ఇరుసు టర్బైన్ పెట్టి పరీక్షించినప్పుడు కరెంటుతో పాటు ఎగువా దిగువా నీటి వేగం, మట్టం కూడా కొలిచారు, ఎందుకంటే అక్కడా కాలువ అంటే ముందు రైతులది. మన దగ్గర డెమోలో మట్టం కొలిచారా అని నేను ఆ కంపెనీ కుర్రాడికి ఫోన్ చేసి అడిగితే "సార్, అది ఇరిగేషన్ వాళ్ల సబ్జెక్ట్" అన్నాడు. ఇరిగేషన్‌లో ఒక ఆఫీసుకి వెళ్తే అది కరెంటోళ్ల సబ్జెక్ట్ అన్నారు.

ఒక్క హెచ్చరిక. ఎత్తిపోతల కాలువల్లో కూడా ఇవి పెడతామని అంటున్నారు. హంద్రీనీవా లాంటి చోట నీళ్లు కరెంటు ఖర్చు పెట్టి పంపులతో ఎత్తి పోసినవి. ఆ కాలువలో టర్బైన్ పెట్టి సెంటీమీటరు మట్టం తింటే పైన పంపు ఆ సెంటీమీటరు అదనంగా ఎత్తాలి, లేదంటే నీళ్లు తక్కువ పారాలి. పంపులో కొంత, మోటారులో కొంత, టర్బైన్‌లో బోలెడంత పోగొట్టుకుని పావలా వెనక్కి తెచ్చుకోడానికి రూపాయి పెట్టడం. ఇంట్లో ఫ్యాన్ వేసి దాని ముందు గాలిమర పెట్టినట్టు.

మరి ఎక్కడ పెట్టాలి? మన కాలువల మీద డ్రాపులున్నాయి, నేల వాలు ఎక్కువైన చోట నీళ్లని మెట్టు మీంచి కిందికి దూకించి, ఆ బలమంతా కింద సిమెంటు తొట్టిలో కావాలనే చంపేస్తారు, లేకపోతే కాలువ కోసుకుపోతుంది. అక్కడ శక్తి నిజంగానే మిగులు. పెద్ద డ్రాపులయితే మామూలు మినీ హైడల్ (చిన్న జలవిద్యుత్ కేంద్రం) పెట్టుకోవడమే మంచిది, కాకతీయ కాలువ మీద పెద్దపల్లి వైపు, గోదావరి జిల్లాల్లో చెట్టిపేట దగ్గర అలాంటివి ఉన్నాయి, దాని ముందు మన కవ్వాలు ఎందుకూ కొరగావు. కానీ మీటరు లోపు డ్రాపుల్ని మినీ హైడల్ కట్టేవాళ్లు పట్టించుకోరు. అలాంటి డ్రాపుకి దిగువన, నీళ్లు కుదుటపడ్డాక, లైనింగు బాగున్న చోట రెండో మూడో జంటలు ఎదురెదురు తిరిగేలా ఒకే వరసలో పెట్టండి. వాటి వల్ల పెరిగిన మట్టం ఎగువకి పాకి పాకి డ్రాపు దగ్గర ఆగిపోతుంది, మెట్టు ఎత్తులోంచి ఆ కాస్త తగ్గుతుంది, మెట్టు మునగనంత వరకు పైన ఉన్న తూములకి తేడా తెలియదు. తర్వాతి వరస తర్వాతి డ్రాపు కింద. పవర్‌హౌసుల నుంచి బయటికొచ్చే నీళ్ల కాలువలు కూడా పనికొస్తాయి, వేగం ఎక్కువ, చెత్త తక్కువ, అయితే అక్కడ మట్టం ఎక్కువ లేస్తే పైన పవర్‌హౌసు కరెంటు తగ్గుతుంది, ఎంత తగ్గిందో ఎంత వచ్చిందో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

2024 అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నీళ్ల మీద తేలుతూ, పారే నీళ్లతోనే తిరిగే ఇలాంటి టర్బైన్లని జలవిద్యుత్ కోవలో చేర్చింది. మంచిదే, అప్పటి నుంచి ప్రతిపాదనలు పెరుగుతాయి, అందుకే ఇప్పుడే ఈ గోల పెడుతున్నాను. పేపర్ మీద అన్నీ ఏడాది పొడవునా 24 గంటలూ తిరుగుతాయి. సాగర్ కాలువకి నీళ్లు వదిలేదెప్పుడు, కట్టేసేదెప్పుడు, వారాబందీ (వంతుల వారీగా నీళ్లు వదలడం) అంటే ఏంటో దర్శి, అద్దంకి వైపు చివరి రైతుని అడిగితే చెప్తాడు. వేసవిలో అడుగు కనపడుతుంది. గుర్రపుడెక్క వస్తే మా మూడు రోటర్లు అరగంటలో ఆకుకూర కట్టల్లా తయారయ్యేవి. దగ్గర దగ్గరగా పెట్టిన జంటల సందులో చెత్త ఇంకా తొందరగా ఇరుక్కుంటుంది, ముందు చెత్త కంచె పెడితే దానికి పట్టిన చెత్త మళ్లీ మట్టం లేపుతుంది. రోజూ దాన్ని లాగే మనిషి జీతం కూడా యూనిట్ ధరలో కలపాలి. కాలువల్లో ఈతకి దిగే పిల్లలున్న ఊళ్ల దగ్గర ఇవి పెట్టడం గురించి నేను చెప్పక్కర్లేదనుకుంటా.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఈసారి డెమో అంటే ఒక టర్బైన్‌తో ఫొటో దిగి పంపితే వేయకండి. కనీసం నాలుగు ఉండాలి, రెండు జంటలు, ఒకదాని వెనక ఒకటి. ముందు జంట ఒక్కటే తిరిగినప్పుడు ఎంత, రెండూ తిరిగినప్పుడు ఎంత, దూరం మారిస్తే ఎంత అని ఒక పూటంతా కూర్చుని రాయాలి, లోడు మీద రాయాలి, మాలాగా ఉత్త చుట్లు కాదు. ఎగువన అంగుళాల గీతలున్న ఒక కర్ర పాతి గంటగంటకీ మట్టం రాయాలి, ఆ పని ఇంజినీరుకి కాకుండా ఆ బీటు లస్కరుకి అప్పజెప్పినా నాకు అభ్యంతరం లేదు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన మీ పేపర్లో వేయండి, మెగావాట్ సంగతి పాఠకులే చూసుకుంటారు.

మీ విలేకరికి ఫొటో కావాలంటే మా పెరట్లో ఆ పాత రోటర్లు రెండు ఇంకా ఉన్నాయి. ఒకదానికి బేరింగు పట్టేసింది. రెండోదాన్ని మా ఆవిడ కోళ్ల గంప మీద బరువుకి పెడుతోంది, గంప ఖాళీగా ఉన్న టైము చూసి రావాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్,
నరసరావుపేట